ఒహాయోలో ఆఖరి సీజన్ విల్లు వేట, ఆపై మన వంట: ఎలా చేయాలి

అమెరికాలో జింక మాంసం రుచి చూసిన మనవాళ్లని కదిపితే ఎక్కువమంది పెదవి విరుస్తారు. నీచు వాసన కొట్టిందనో, నమిలి నమిలి దవడలు లాగేశాయనో అంటారు. ఆ తప్పు జింకది కాదు, చాలాసార్లు వండినవాళ్లదీ కాదు. బాణం తగిలినప్పటి నుంచి మాంసం చల్లబడేదాకా గడిచే నాలుగైదు గంటల్లోనే కూర రుచి సగం తేలిపోతుంది. అందుకే వేటనీ వంటనీ ఒకేచోట చెబుతున్నాను.

నేను చెప్పేది ఒహాయో సంగతి. ఇక్కడ విల్లు సీజన్ సెప్టెంబరు చివర్లో మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. థాంక్స్‌గివింగ్ అయ్యాక వచ్చే సోమవారం నుంచి తుపాకీ వారం, డిసెంబరులో ఇంకో వారాంతం, జనవరి మొదట్లో మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకీ) రోజులు. అవన్నీ అయ్యాక అడవి మళ్లీ విల్లు పట్టినవాళ్లదే. మీది వేరే రాష్ట్రమైతే తేదీలు, నిబంధనలు అక్కడివి చూసుకోండి. పద్ధతి మాత్రం పెద్దగా మారదు.

ఇది చదివి ఇండియా వెళ్లినప్పుడు సరదా పడేరు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల జింక, కణితి, కృష్ణజింక ఏది కొట్టినా జైలే. ఒహాయోలో తెల్లతోక జింకల లెక్క వేరు. పంటలు మేసి, కార్ల కింద పడేంతగా ఉన్నాయి. ఏ కౌంటీలో ఎన్ని కొట్టొచ్చో ప్రభుత్వమే ఏటా చెబుతుంది.

కాగితాలు ముందు

మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. ముందు రుచి చూద్దాం అనుకుంటే అప్రెంటిస్ లైసెన్సు ఉంది. దానికి కోర్సు అక్కర్లేదు గానీ, లైసెన్సున్న 21 ఏళ్లు దాటిన మనిషి పక్కనే ఉండాలి. ఒహాయోలో వరసగా ఆరు నెలలు ఉన్నవాళ్లకి స్థానికుల రేటే. లైసెన్సుతో పాటు జింక పర్మిట్ విడిగా కొనాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, అది లాయరుని అడిగి తేల్చుకోవాల్సిన వ్యవహారం. విల్లు ఆ చట్టం లెక్కలో తుపాకీ కాదు కాబట్టి ఆ గొడవే లేదు. మనవాళ్లకి విల్లు నప్పడానికి సగం కారణం ఇదే.

ప్రైవేటు పొలంలో వేటాడాలంటే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. నోటి మాట చాలదు. జనవరిలో తలుపు కొడితే ఎవరూ ఇవ్వరు. వేసవిలోనే వెళ్లి, పిల్లల్ని వెంటేసుకుని, "ఆడ జింకల్నే కొడతాను, గేటు తీసింది తీసినట్టే వేస్తాను" అని చెప్పి అడగండి. సోయా మేసేస్తున్నాయని తిట్టుకునే రైతు దగ్గరైతే పని సులువు. సిటీ పరిధిలో బాణం వదలడం మీద చాలా ఊళ్లు సొంత నిబంధనలు పెట్టుకున్నాయి, అవీ చూడండి. తుపాకీ రోజుల్లో విల్లుతో వెళ్లినా నారింజ రంగు చొక్కా తప్పనిసరి.

చలికి తగ్గట్టు విల్లు

ఒహాయోలో విల్లుకి కనీసం 40 పౌండ్ల డ్రా వెయిట్ (తాడు లాగడానికి పట్టే బలం) ఉండాలి, క్రాస్‌బోకి (తుపాకీలా పట్టుకుని మీట నొక్కి వదిలే అడ్డవిల్లు) 75. బాణం మొనకి కనీసం రెండు పదునైన అంచులు, ముప్పావు అంగుళం వెడల్పు ఉండాలి. కొత్తవాళ్లకి క్రాస్‌బో సుఖం. కానీ చీకటిపడ్డాక, వేళ్లు కొంకర్లు పోయాక దాన్ని చెట్టు మీంచి దించడం ఒక పని. ఇక్కడినుంచి కాంపౌండ్ విల్లు (కొనల్లో కప్పీలుండే విల్లు) సంగతే చెబుతాను.

అక్టోబరులో 60 పౌండ్లు అవలీలగా లాగినవాళ్లే జనవరిలో, రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక, విల్లుని ఆకాశంలోకి ఎత్తి గింజుకుంటారు. ఆ కదలిక చూసి జింక ఉండదు. డ్రా వెయిట్ అయిదారు పౌండ్లు తగ్గించుకోండి. మొన పదునుగా ఉంటే 20 గజాల్లో ఆ తేడా జింకకి తెలియదు. తగ్గించాక సైటు (గురి చూసే పరికరం) మళ్లీ సరిచూసుకోవడం మరవొద్దు.

ప్రాక్టీసు వేటకి వేసుకునే బట్టలన్నీ వేసుకునే చేయండి, అదీ కుర్చీలో కూర్చుని. లావు జాకెట్ చేతికి తాడు తగిలిందంటే బాణం ఎటో పోతుంది. మోచేతికి, మణికట్టుకి మధ్య ఆర్మ్‌గార్డు బిగిస్తే ఆ బెడద పోతుంది. విల్లుని వెచ్చటి ఇంట్లోంచి తిన్నగా చలిలోకి తీసుకెళితే సైటు మీద, పీప్ (తాడులో గురి చూసే చిన్న రంధ్రం) మీద తేమ పట్టి గడ్డకడుతుంది. ముందు రాత్రే కారు డిక్కీలో పెట్టేయండి.

ఒంటి మీద నూలు బట్ట ఉండకూడదు. చెమట పడితే ఆరదు, ఆపైన వణుకే. అడుగున పల్చటి ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. ఆ జాకెట్‌ని నడిచేటప్పుడు వేసుకోకుండా సంచికి కట్టుకుని, చెట్టెక్కాక వేసుకోవాలి. రెండు చేతులకీ లావు గ్లవ్స్ వద్దు. నడుముకి కట్టుకునే మఫ్ (చేతులు దూర్చుకునే సంచి) లోపల రెండు హ్యాండ్‌వార్మర్లు వేసుకుని, చేతులకి పల్చటివి తొడుక్కుంటే చాలు.

చెట్టు మీద కూర్చుంటే ఒంటికంతా పట్టే హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీలు) కట్టుకోండి. నేల మీద ఉండగానే తాడుకి తగిలించుకుని ఎక్కాలి, పైకెళ్లాక కాదు. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కొద్దు, తర్వాత తాడుతో లాక్కోండి. మంచు పట్టిన మెట్ల మీద కాలు జారడం కొత్తా పాతా చూడదు.

జనవరి జింక ఎక్కడుంటుంది

నవంబరులో మగ జింకలు ఆడవాటి వెంట పిచ్చిగా తిరుగుతాయి, ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కనబడుతుంది. జనవరి అలా కాదు. తుపాకుల మోత విని బతికిన జింకలివి. ఒళ్లు కరిగి ఉంటాయి. వాటికిప్పుడు రెండే పనులు: తినడం, వెచ్చగా పడుకోవడం. పగలు దక్షిణం వైపు ఎండ పడే వాలు మీద, గాలి తగలని చోట పడుకుంటాయి. పొద్దువాలే వేళకి లేచి మేతకి బయల్దేరతాయి.

కాబట్టి మీరు వెతకాల్సింది మేత. కోయకుండా వదిలేసిన మొక్కజొన్న, సోయా ఉన్న పొలం దొరికితే అదే బంగారం. లేకపోతే గింజ రాలిన కోత చేను, మంచు కింద మిగిలిన ఓక్ కాయలు, టర్నిప్ మడి. మంచు పడ్డ మర్నాడు పొలం గట్టు వెంట నడవండి. ఏ దారిన వస్తున్నాయో, ఎన్ని వస్తున్నాయో గిట్టల గుర్తులే చెబుతాయి. కాళ్లతో మంచు గీకి, కింద పచ్చగా కనబడేదాకా తవ్విన చోట్లు చూస్తే అవి ఏం తింటున్నాయో కూడా తెలిసిపోతుంది.

పొద్దున వేట మానుకోండి. రాత్రంతా మేసిన జింకలు ఇంకా పొలంలోనే ఉంటాయి, మీరు చీకట్లో వాటి మధ్యలోంచే నడిచి అన్నిటినీ బెదరగొడతారు. మధ్యాహ్నం రెండున్నరకల్లా ఎక్కి కూర్చోండి. జనవరి మధ్యలో కొలంబస్ దగ్గర పొద్దు అయిదున్నర ప్రాంతంలో కుంకుతుంది. ఆ తర్వాత అరగంట దాకా వేటకి అనుమతి. ఆ చివరి ముప్పావు గంట కోసమే మిగతా కూర్చోడమంతా.

ఏ రోజు వెళ్లాలి? చలిగాలి దిగబోయే ముందు సాయంత్రం, లేదా మంచు తుపాను తగ్గి ఆకాశం విడిచిన మొదటి సాయంత్రం. ఉన్నట్టుండి పగలు వెచ్చబడితే అవి రాత్రికే లేస్తాయి, మీరు ఇంట్లో పకోడీలు తినడం మేలు.

గాలి మీ నుంచి జింకల వైపు వీస్తుంటే ఆ రోజు ఆ చెట్టు ఎక్కొద్దు. సాయంత్రం చల్లబడేకొద్దీ గాలి వాలు వెంట కిందికి జారుతుందని కూడా గుర్తుంచుకోండి. మీరు పైన, పొలం కింద ఉంటే మీ వాసన నేరుగా పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి కాబట్టి వెనక లావు మాను గానీ, సెడార్ లాంటి పచ్చటి చెట్టు గానీ లేకపోతే ఆకాశానికి ఎదురుగా మీ ఆకారం నల్లగా కనబడుతుంది.

చీకటి పడ్డాక దిగడం ఇంకో చిక్కు. పొలంలో పది జింకలున్నప్పుడు చెట్టు మీంచి మీరు దిగితే ఆ చెట్టు సంగతి వాటికి సీజనంతా గుర్తుంటుంది. రైతుకి మెసేజ్ పెట్టి, ట్రక్ అటు తిప్పమనండి. ట్రక్కుని చూసి పారిపోతే పోనివ్వండి, అది వాటికి రోజూ కనబడేదే.

బాణం వదిలేముందు, వదిలాక

జనవరిలో కొమ్ములు లేనివన్నీ ఆడవి కావు. కొన్ని మగవి అప్పటికే కొమ్ములు రాల్చేసి ఉంటాయి. మగ పిల్లల్నీ పోల్చుకోవాలి. గుంపు కంటే ముందు ఒంటరిగా, తెగించి పొలంలోకి వచ్చే చిన్నది చాలాసార్లు మగ పిల్లే. చెవుల మధ్య తల చదునుగా ఉంటే అది మగది, గుండ్రంగా ఉంటే ఆడది. కూరకి ఆడ జింక చాలు. కాస్త ఆగితే పెద్దది వస్తుంది.

జింక అడ్డంగా నిలబడినప్పుడో, కొంచెం అవతలికి తిరిగి ఉన్నప్పుడో మాత్రమే వదలండి. ముందుకాలి వెనకగా, ఒంటి ఎత్తులో కిందినుంచి మూడో వంతు దగ్గర. అక్కడ గుండె, ఊపిరితిత్తులు ఉంటాయి. ఎదురుగా నిలబడినా, తోక చూపించినా ఆగాల్సిందే. 20 గజాల లోపల ఉన్నదాన్నే కొడతానని ముందే ఒట్టు పెట్టుకోండి. తుపాకుల మోత విన్న జింక చిన్న చప్పుడికీ బెదురుతుంది, దూరం పెరిగేకొద్దీ తాడు చప్పుడికి కుంగిపోయి తప్పించుకుంటుంది.

బాణం తగిలాక దిగొద్దు. అది చివరిసారి కనబడిన చోటు గుర్తుపెట్టుకుని అరగంట కూర్చోండి. తర్వాత బాణాన్ని వెతికి చూడండి. నురగతో గులాబీ రంగు నెత్తురంటే ఊపిరితిత్తులు, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపంటే కార్జం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. పచ్చగా, పేడ వాసనతో ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. ఆత్రపడి వెంటపడితే లేచి ఇంకో మైలు పోతుంది. వెంటాడబడి, భయంతో పరుగెత్తి చచ్చిన జింక మాంసమే నల్లగా, జిగటగా, వాసనగా తయారయ్యేది. చలి రాత్రి ఆగడానికి జనవరి సాయపడుతుంది. కయోటీలు (ఇక్కడి చిన్న తోడేళ్లలాంటివి) మాత్రం సాయపడవు.

చల్లార్చడం: అసలు వంట ఇక్కడ మొదలు

జింకని కదిపేముందే ట్యాగు రాసి కట్టాలి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపు గేమ్ చెక్ చేయాలి, అంటే కొట్టిన జింకని ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలి. హంట్‌ఫిష్ ఒహాయో యాప్‌లో రెండు నిమిషాల పని.

తర్వాత గ్లవ్స్, చిన్న కత్తి. వెనకకాళ్ల మడమ దగ్గర నల్లటి వెంట్రుకల గ్రంథులుంటాయి, వాటిని ముట్టుకోకండి, ముట్టుకున్న చేత్తో మాంసం తాకకండి. జింకని వెల్లకిలా పడుకోబెట్టి, గుదం చుట్టూ గుండ్రంగా కోసి వదులు చేయండి. కడుపు మీద చర్మం చిన్నగా చీల్చి, ఎడమచేతి రెండు వేళ్లు లోపల పెట్టి చర్మాన్ని పైకెత్తి, ఆ రెండు వేళ్ల మధ్య కత్తి అంచు ఆకాశం వైపు ఉండేలా రొమ్ము ఎముక దాకా జరుపుకుంటూ వెళ్లండి. అంచు కిందికి ఉంటే పేగు తెగుతుంది. పేగో మూత్రాశయమో చిట్లిందంటే ఆ చుట్టుపక్కల మాంసం కోసి పారేయాల్సిందే, కడిగితే పోదు. ఊపిరితిత్తుల కింద ఉండే పొరని రెండు వైపులా కోసి, చేయి పైదాకా పెట్టి శ్వాసనాళం తెంపి లాగితే అన్నీ ఒక్కసారే బయటికి వస్తాయి. పక్కకి తిప్పి నెత్తురు కారనివ్వండి. గుండెకాయ, కార్జం సంచిలో వేసుకోండి. కార్జం మీద మచ్చలు, గడ్డలు కనబడితే వదిలేయండి.

మాంసం ఎంత త్వరగా 40 డిగ్రీల ఫారన్‌హీట్ దిగువకి వస్తే అంత మంచిది. కడుపు తెరిచి ఓ పుల్ల అడ్డంపెట్టి ఆరనివ్వండి. గరాజ్‌లో 34 నుంచి 40 మధ్య ఉంటే మూడు నుంచి అయిదు రోజులు వేలాడదీస్తే కండ మెత్తబడుతుంది. కానీ బయట గడ్డకట్టే చలి ఉంటే జాగ్రత్త. చచ్చిన మొదటి రోజు కండ బిగుసుకుని సడలకముందే గడ్డకడితే ఆ మాంసం ఏ కుక్కరుకీ లొంగదు. అలాంటి రాత్రి చర్మం వలవకుండా లోపలికి తెచ్చుకోండి. వేలాడదీసే చోటు లేకపోతే ముక్కలు చేసి కూలర్‌లో ఐసు మీద, నీళ్లు బయటికి పోయే రంధ్రం తీసిపెట్టి ఉంచండి. మాంసం ఐసు నీళ్లలో నానకూడదు.

ఒహాయోలో అడవి జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు వ్యాధి 2020లో బయటపడింది, కొలంబస్‌కి ఉత్తరాన వయాండాట్ కౌంటీలో. అది మనుషులకి సోకినట్టు రుజువు లేదు. అయినా వయాండాట్, మేరియన్, హార్డిన్ వైపు వేటాడితే పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా వండకండి. ఆ కార్జం, గుండెకాయ కూడా ఆగాల్సిందే. రోగం ఉందని తేలితే మాంసం పారేయాలి. ఎక్కడిదైనా మెదడు, వెన్నుపాము, కళ్లు తినకండి, వెన్నెముకని రంపంతో కోయకండి. అంటే తలకాయ కూర సంగతి మర్చిపోండి.

ముక్కలు

మేక మాంసంలో కొవ్వు రుచి, జింకలో కొవ్వే శత్రువు. చల్లబడగానే అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. దాన్నీ, కండల మీద వెండిలా మెరిసే పొరనీ ఓపిగ్గా తీయాలి. కత్తి మొన పొర కిందికి దూర్చి, అంచుని కొంచెం పొర వైపే వంచి, రెండో చేత్తో పొరని బిగించి లాగుతూ జరపండి. కండ తెగకుండా రిబ్బనులా ఊడి వస్తుంది. ఆ కొవ్వూ పొరా ఉంచి వండి, వాసనకి మసాలా దట్టించడం వల్ల ప్రయోజనం లేదు. రాత్రంతా ఉప్పు నీళ్లలో నానబెట్టమని ఇక్కడివాళ్లు చెబుతారు. సరిగ్గా చల్లార్చిన మాంసానికి అది దండగ. మనం మామూలుగా కడిగే పసుపు, ఉప్పు చాలు.

వెన్ను పొడుగునా ఉండే రెండు కండలు వేపుడుకి. తొడలు వేపుడుకి, ఒట్టి తునకలకి. మెడ, భుజం, పిక్కలు కూరకి. మిగతా తరుగంతా ఖీమాకి. మధ్యస్థంగా ఉన్న ఆడ జింక నుంచి సుమారు 40 పౌండ్ల ఎముకల్లేని మాంసం వస్తుంది. పొట్లాల మీద ఏ కండో, ఏ తేదీయో రాసి గాలి తీసి ఫ్రీజ్ చేయండి.

వంట

వేపుడుకి వెన్ను కండని నారకి అడ్డంగా అర అంగుళం మందాన కోయండి. అరకిలోకి ఉప్పు, పసుపు, చెంచాడు అల్లం వెల్లుల్లి, దండిగా మిరియాల పొడి, రెండు చెంచాల నూనె పట్టించి అరగంట ఉంచండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు ముందే విడిగా వేయించి పక్కన పెట్టుకోండి. ఇనుప పెనం పొగ వచ్చేదాకా కాల్చి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా కొద్దికొద్దిగా వేసి, ఒక్కోవైపు రెండేసి నిమిషాలు. లోపల 160 డిగ్రీలు రాగానే తీసి ఉల్లిపాయల్లో కలిపేయండి. మూత పెట్టొద్దు, నీళ్లు చిలకరించొద్దు. ఇంకో అయిదు నిమిషాలు ఉంచుదాం అనుకున్నారంటే చెప్పు తోలే.

మెడ, పిక్క మాంసం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, ఎంత ఉడికితే అంత బాగు. కిలో ముక్కలకి అయిదు చెంచాల నూనె పోయండి. మటన్‌కి మూడు వేసేవాళ్లు దీనికి అయిదు వేయాలి, ఎందుకంటే ఇది తనంతట తాను ఒక్క చుక్క వదలదు. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, ముక్కలు, పసుపు, కారం, ఉప్పు వేసి నీరు ఇగిరి నూనె తేలేదాకా వేయించండి. రెండు గ్లాసుల నీళ్లు పోసి మధ్యస్థ మంట మీద ఎనిమిది విజిల్స్, చిన్న జింకైతే అయిదు. ఇన్‌స్టంట్ పాట్ అయితే 40 నిమిషాలు. మూత తీశాక ధనియాల పొడి, గసగసాలు ఎండుకొబ్బరి ముద్ద వేసి దగ్గరపడనివ్వండి. కొవ్వు లేని లోటు ఆ ముద్ద తీరుస్తుంది. గోంగూర వేయాలంటే విడిగా నూనెలో మగ్గబెట్టి, ముక్క వేలితో నొక్కితే విడిపోయే దశకి వచ్చాకే కలపండి. కనుమ సరిగ్గా ఈ సీజన్లోనే వస్తుంది. గారెల్లోకి ఈ కూర నాటుకోడికి ఏమాత్రం తీసిపోదు.

ఖీమాకి పదో వంతు గొర్రె కొవ్వు కలిపి ఆడించుకోండి, లేదా వండేటప్పుడు నెయ్యి పోయండి. మెంతికూరతో బాగుంటుంది. గర్భిణులకి ఏ ముక్కయినా పూర్తిగా ఉడికిందే పెట్టండి. బాణంతో కొట్టిన మాంసంలో సీసం తునకల భయం ఉండదు, అదొక్కటి నిశ్చింత.

తెలంగాణవాళ్లకి ఒట్టి తునకల మీద మనసు పోతుంది. కొవ్వు లేని ఈ తొడ మాంసం దానికి మటన్ కంటే నయం, కొవ్వు ముక్కిపోయే భయం లేదు. కానీ ఒహాయో జనవరి ఎండని నమ్మి తాడు మీద ఆరేయొద్దు. నార వెంట పొడుగ్గా కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి, ముందు ఓవెన్‌లో లోపల 160 డిగ్రీలకి వేడెక్కించి, ఆ తర్వాత డీహైడ్రేటర్‌లో 130 నుంచి 140 మధ్య ఆరబెట్టండి. వంచితే పగుళ్లిచ్చి విరగకుండా ఉండాలి. పూర్తిగా చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కావలసినప్పుడు గోరువెచ్చటి నీళ్లలో నానేసి చింతపండు పులుసు పెట్టుకోవచ్చు.

అడవి జింక మాంసం అమ్మడం నేరం. తెలుగు సంఘం పిక్నిక్‌లో స్టాలు పెట్టి ప్లేటుకింత అని తీసుకున్నా అమ్మకమే. పంచిపెట్టడానికి అడ్డు లేదు. ఇంట్లో శాకాహారులు ఎక్కువై ఫ్రీజర్‌లో చోటు లేకపోతే ఫార్మర్స్ అండ్ హంటర్స్ ఫీడింగ్ ద హంగ్రీ అనే సంస్థ ఉంది, వాళ్లతో కలిసి పనిచేసే కసాయి దుకాణంలో జింకని ఇస్తే ఫుడ్ బ్యాంకులకి చేరుతుంది. పొలం ఇచ్చిన రైతు వాటా మాత్రం అంతకంటే ముందు తీయండి. ఖీమా పొట్లాలు రెండు, కారం తగ్గించి వండిన కూర ఒక డబ్బా. వచ్చే వేసవిలో అనుమతి కాగితం మీద సంతకానికి మళ్లీ ఆ తలుపే కొట్టాలి.